సీసా మీద పేరు లేదు, అందులో ఉన్నది ఆల్డిహైడేనా? ల్యాబ్‌లో తేల్చుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

ప్రాక్టికల్స్ రోజుల్లో మా శ్రీకాకుళం ల్యాబ్‌లో ఏటా ఎవరో ఒకరు పరీక్షనాళిక పట్టుకుని వచ్చి అడిగే మాట ఇది: “మాస్టారూ, అద్దం రాలేదండి, మసి వచ్చింది. ఆల్డిహైడ్ కాదని రాసేయమంటారా?”

రాయొద్దు. టోలెన్స్ పరీక్షలో ఆల్డిహైడ్ తగిలితే వెండి లవణం నుంచి వెండి విడిపోయి గాజుకు అంటుకుంటుంది. ఆ మసి కూడా వెండే. గాజుకు నున్నగా అంటుకుంటే అద్దంలా మెరుస్తుంది. గాజు మురికిగా ఉన్నా, నాళికను ఊపినా, వేడి ఎక్కువైనా అదే వెండి నల్లటి పొడిగా దిగుతుంది. జరిగిన రసాయన చర్య ఒక్కటే. పుస్తకంలో “వెండి అద్దం” అని ఉంది కాబట్టి అద్దమే రావాలని పిల్లలు టెన్షన్ పడి, సరైన జవాబును చేజేతులా కొట్టేసుకుంటారు. ఈ వ్యాసం వాళ్ల కోసం. ఇంటర్, డిగ్రీ చదివేవాళ్లకే కాదు, చదువు అయ్యాక పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో క్యూసీ, అంటే నాణ్యత పరీక్షల ఉద్యోగంలో చేరబోయే మా పిల్లలకు కూడా ఇది పనికొస్తుంది. అక్కడ రంగు చూసి తొందరపడి రాస్తే మార్కులు పోవడంతో ఆగదు.

నేను నమ్మేది ఒక్కటే. ఏ ఒక్క పరీక్షా ఆల్డిహైడ్‌ను పట్టివ్వదు. ఒక్కో కారకం, అంటే పరీక్షకు వాడే రసాయనం, ఒక్కో ప్రశ్న అడుగుతుంది. ఆ ప్రశ్న ఏమిటో తెలుసుకుని, వరుసలో అడిగి, జవాబులన్నీ పక్కపక్కన పెట్టుకున్నప్పుడే తీర్పు.

ఆల్డిహైడ్‌లో ఉన్న బలహీనత

ఆల్డిహైడ్‌కూ కీటోన్‌కూ ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి కార్బొనైల్, అంటే కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య ద్విబంధం. కీటోన్‌లో ఆ కార్బన్‌కు రెండు పక్కలా కార్బన్‌లే ఉంటాయి. ఆల్డిహైడ్‌లో కనీసం ఒక పక్క హైడ్రోజన్ ఉంటుంది. తేడా అంతే, కానీ కథంతా అక్కడే ఉంది. ఆ హైడ్రోజన్ ఉన్నచోట ఆక్సీకరణం తేలిగ్గా జరిగి ఆల్డిహైడ్ కార్బాక్సిలిక్ ఆమ్లంగా మారిపోతుంది. కీటోన్ అలా మారాలంటే కార్బన్-కార్బన్ బంధమే తెగాలి, మామూలు కారకాలకు అంత శక్తి లేదు.

ఆల్డిహైడ్ అన్న పేరు కూడా ఒక హైడ్రోజన్ కథే చెబుతుంది. జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ 1835లో లాటిన్ మాటలు “ఆల్కహాల్ డీహైడ్రోజినేటస్” నుంచి దాన్ని కుదించాడు. హైడ్రోజన్ తీసేసిన ఆల్కహాల్ అని అర్థం. ఆల్డిహైడ్ తగిలితే వెండి లవణం నుంచి వెండి విడిపోయి గాజుకు పూతలా పట్టడం కూడా ఆయన గమనించినదే.

కాబట్టి మన ప్రశ్నలు మూడు. కార్బొనైల్ ఉందా? ఉంటే దానికి హైడ్రోజన్ ఉందా? అదీ ఉంటే, అది ఏ రకం ఆల్డిహైడ్?

కారకం ముట్టుకోకముందు చేయాల్సిన పని

మొదట నీళ్లు. ఈ విషయం మీద నేను కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మన జిల్లాలో సగం తప్పులు ఇక్కడే పుడతాయి. కళింగపట్నం వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో చాలా చోట్ల బోరు నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా తగులుతాయి. ఉప్పంటే క్లోరైడ్. అలాంటి నీళ్లతో కడిగిన నాళికలో సిల్వర్ నైట్రేట్ పోస్తే విరిగిన పాలలా తెల్లగా సిల్వర్ క్లోరైడ్ వచ్చేస్తుంది. ఇంకా పరీక్ష మొదలే కాలేదు, అవక్షేపం మాత్రం సిద్ధం. చివరిసారి కడిగేది తప్పనిసరిగా స్వేదనజలంతోనే. ల్యాబ్‌లో అయిపోతే చాలామంది బ్యాటరీ వాటర్ కొనుక్కొస్తారు, అది వాడొచ్చు, కానీ ముందు దాన్ని కూడా పరీక్షించండి. నాళికలో 2 మి.లీ. నీళ్లు తీసుకుని ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేయండి. నల్ల కాగితం ముందు పట్టుకుని చూడండి. తేటగా ఉంటే వాడండి, పొగలా మసకేస్తే పక్కన పెట్టండి.

తర్వాత నాళికలు. తొందరగా ఆరతాయని ఎసిటోన్‌తో కడిగే అలవాటు చాలా ల్యాబ్‌లలో ఉంది. నేను డిగ్రీ చదివేటప్పుడు అలాగే కడిగి, ఆ నాళికలోనే కార్బొనైల్‌ను పట్టే 2,4-డీఎన్‌పీ పరీక్ష చేశాను. చక్కటి పసుపు అవక్షేపం వచ్చింది. కార్బొనైల్ సమ్మేళనం అని ధైర్యంగా రాశాను. నాకిచ్చింది మామూలు ఇథైల్ ఆల్కహాల్. నేను పట్టుకున్నది నాళిక అడుగున మిగిలిన ఎసిటోన్‌ను. ఆ రోజు నుంచి ఈ పరీక్షలకు ఎసిటోన్ తగిలిన గాజు వాడను, నా పిల్లల్ని వాడనివ్వను.

మూడోది, ప్రతి పరీక్షకూ మూడు నాళికలు పెట్టండి. ఒకదాంట్లో మీకిచ్చిన నమూనా. రెండోదాంట్లో నమూనా ఏమీ లేకుండా ద్రావణి, కారకం మాత్రమే. దీన్ని బ్లాంక్ అంటారు. మూడోదాంట్లో ఆల్డిహైడ్ అని మనకు ముందే తెలిసిన పదార్థం. బ్లాంక్‌లో కూడా రంగు వస్తే కారకం చెడిపోయిందని అర్థం. తెలిసిన ఆల్డిహైడ్‌లో కూడా రంగు రాకపోతే కారకం చచ్చిపోయిందని అర్థం. ఈ రెండు నాళికలు లేకుండా మొదటిదాన్ని చూసి ఏం చెప్పినా అది ఊహే.

చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు. సిల్వర్ నైట్రేట్ చర్మం మీద పడితే అప్పుడేం తెలియదు, సాయంత్రానికి నల్లమచ్చ తేలుతుంది, కొన్ని రోజులు పోదు. ఫార్మాల్డిహైడ్ ఆవిరి కళ్లకు, గొంతుకు మంట పుట్టిస్తుంది, అది క్యాన్సర్ కారకం కూడా. కిటికీలు తీసి, పొగ గూడు ఉంటే అందులోనే పని చేయండి.

మొదటి మెట్టు: చూపు, వాసన, సీసా

నమూనాను ముక్కు దగ్గర పెట్టుకోవద్దు. నాళికను కాస్త దూరంగా పట్టుకుని చేత్తో గాలి విసురుకుంటే చాలు. బెంజాల్డిహైడ్ చేదు బాదం వాసన వేస్తుంది, కేకుల్లో వేసే బాదం ఎసెన్స్ గుర్తొస్తుంది. దాల్చినచెక్క వాసనకు మూలం సిన్నమాల్డిహైడ్. నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్, జీలకర్రలో క్యూమినాల్డిహైడ్, ఐస్‌క్రీముల్లో వెనిలిన్. మన వంటింట్లో ఇన్ని ఆల్డిహైడ్‌లున్నాయని పిల్లలకు చెబితే వాళ్ల మొహాలు విప్పారతాయి. అయితే వాసన సూచన మాత్రమే, సాక్ష్యం కాదు.

సీసాను కూడా చూడండి. బెంజాల్డిహైడ్ సీసా మూతి చుట్టూ తెల్లటి పొర కనబడితే అది మురికి కాదు, బెంజోయిక్ ఆమ్లం. గాలిలో ఉన్న ఆక్సిజన్‌తో బెంజాల్డిహైడ్ తనంతట తానే ఆక్సీకరణం చెందుతుంది. అలాంటి పాత సీసాలోది ఇస్తే పరీక్షలు నీరసంగా వస్తాయి. ఫార్మలిన్, అంటే ఫార్మాల్డిహైడ్ కలిపిన నీళ్ల సీసా అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటే అది పారాఫార్మాల్డిహైడ్, డిసెంబరు చలికి ఎక్కువగా కనబడుతుంది. ఇక అసిటాల్డిహైడ్ సంగతి వేరు. దాని మరుగు స్థానం 20 డిగ్రీల దగ్గర. మన ఊళ్లో ఏ మధ్యాహ్నమైనా గది వేడి అంతకన్నా ఎక్కువే. స్వచ్ఛమైన అసిటాల్డిహైడ్ సీసాను మంచులో పెట్టి చల్లార్చకుండా మూత తీయకూడదు, లోపలి ఒత్తిడికి బుస్సున చిమ్ముతుంది. పైగా తేలిగ్గా మండుతుంది. అందుకే విద్యార్థులకు దాన్ని నీళ్లలో కలిపే ఇస్తాం.

రెండో మెట్టు: ఆమ్లం కాదని తేల్చుకోవడం

సోడియం బైకార్బొనేట్ ద్రావణంలో నమూనా కొద్దిగా వేయండి. బుసబుసమని నురగ వస్తే కార్బాక్సిలిక్ ఆమ్లం ఉన్నట్టు. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. కానీ ఫార్మిక్ ఆమ్లం టోలెన్స్ కారకాన్ని క్షయకరణం చేస్తుంది, అంటే అందులోని వెండిని విడదీస్తుంది, దాని అణువులో కూడా కార్బొనైల్‌కు హైడ్రోజన్ ఉంది కాబట్టి. ఈ చిన్న పరీక్ష చేయకపోతే చీమ కుట్టినప్పుడు మండించే ఆ ఆమ్లాన్నే ఆల్డిహైడ్ అనుకునే ప్రమాదం ఉంది.

మూడో మెట్టు: 2,4-డీఎన్‌పీ, “కార్బొనైల్ ఉందా?”

2,4-డైనైట్రోఫినైల్ హైడ్రజీన్‌ను ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌లో కరిగిస్తే బ్రాడీ కారకం. నమూనా 2 లేదా 3 చుక్కలు 1 మి.లీ. ఇథనాల్‌లో కలపండి. దానికి 2 మి.లీ. కారకం పోసి బాగా ఊపి వదిలేయండి. కార్బొనైల్ ఉంటే నీటి అణువు ఒకటి బయటికి పోయి హైడ్రజోన్ ఏర్పడుతుంది, పసుపు నుంచి ఎరుపు దాకా ఏదో ఒక రంగులో అవక్షేపం దిగుతుంది. చాలావాటికి వెంటనే వస్తుంది. రాకపోతే 5 నుంచి 10 నిమిషాలు ఓపిక పట్టండి, కొంచెం వెచ్చబెట్టి చల్లార్చండి.

ఇక్కడ రంగు చెప్పే మాట వినండి. పసుపైతే మామూలు అలిఫాటిక్ (బెంజీన్ వలయం లేని) కార్బొనైల్ కావచ్చు. నారింజ, ఎరుపు వైపు మొగ్గితే కార్బొనైల్ పక్కన బెంజీన్ వలయమో ద్విబంధమో ఉండొచ్చు. కారకమే నారింజ రంగులో ఉంటుంది కాబట్టి ఈ ఆధారం మీద మరీ బరువు వేయొద్దు.

ఈ పరీక్షకు ఆల్డిహైడ్‌లూ పలుకుతాయి, కీటోన్‌లూ పలుకుతాయి. “డీఎన్‌పీ వచ్చింది, కాబట్టి ఆల్డిహైడ్” అని రాసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో నలుగురైనా ఉంటారు. రాయాల్సింది “కార్బొనైల్ ఉంది” అని మాత్రమే.

ఆ అవక్షేపాన్ని పారబోయకండి. వడకట్టి, ఇథనాల్‌తో మళ్లీ స్ఫటికీకరించి, ఆరనిచ్చి పక్కన దాచండి. చివర్లో అదే మనకు గట్టి సాక్షి అవుతుంది.

నాలుగో మెట్టు: షిఫ్ కారకం

హ్యూగో షిఫ్ 1866లో చెప్పిన పద్ధతి ఇది. ఫ్యూక్సిన్ అనే గులాబీ రంగు అద్దకాన్ని సల్ఫర్ డయాక్సైడ్‌తో రంగు పోగొడితే షిఫ్ కారకం. 2 మి.లీ. కారకంలో నమూనా 2, 3 చుక్కలు వేసి ఊపండి. ఆల్డిహైడ్ అయితే ఒకటి రెండు నిమిషాల్లో గులాబీ, ఊదా కలిసిన ముదురు రంగు ఎక్కుతుంది. చూడ్డానికి ఇంత అందమైన పరీక్ష మరొకటి లేదు.

అందుకే మోసపోయేదీ ఇక్కడే. చాలామంది దీన్ని పోయిన రంగు తిరిగి రావడం అనుకుంటారు. నిజానికి ఆల్డిహైడ్ ఆ అద్దకంతో, సల్ఫైట్‌తో కలిసి కొత్త రంగు పదార్థాన్ని తయారు చేస్తుంది. పాత రంగు తిరిగి రావడం మాత్రం ఆల్డిహైడ్ లేకుండానే జరగొచ్చు. సల్ఫర్ డయాక్సైడ్ ఎగిరిపోతే చాలు. వేడి చేస్తే ఎగిరిపోతుంది. మార్చి నెల ఉక్కలో మూత తీసి బల్ల మీద గంట సేపు వదిలేసినా కొంత ఎగిరిపోతుంది. క్షారం తగిలినా రంగు తేలుతుంది. కాబట్టి ఈ పరీక్షను ఎప్పుడూ వేడి చేయొద్దు, నాళికలో సోడా ఆనవాలు ఉండకూడదు, కారకాన్ని ముదురు రంగు సీసాలో ఫ్రిజ్‌లో ఉంచండి. అన్నిటికన్నా ముఖ్యం, పక్కన బ్లాంక్ ఉండాలి. బ్లాంక్ రంగు లేకుండా ఉండి, మీ నాళిక ఒక్కటే రంగెక్కితేనే లెక్క.

ఐదో మెట్టు: టోలెన్స్ కారకం, నిదానంగా

దీనికి తొందర పనికిరాదు. మొదట నాళిక. గాఢ నైట్రిక్ ఆమ్లంతో కడిగి, స్వేదనజలంతో నాలుగుసార్లు తొలచండి. లోపలి గోడ మీద నీళ్లు ఒకే పొరలా జారాలి, చుక్కలు చుక్కలుగా నిలిస్తే ఇంకా జిడ్డుందని అర్థం.

5 శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణం 2 మి.లీ. తీసుకోండి. సజల సోడియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క వేయండి. గోధుమ రంగు అవక్షేపం వస్తుంది, అది సిల్వర్ ఆక్సైడ్. ఇప్పుడు సజల అమ్మోనియాను డ్రాపర్‌తో ఒక్కో చుక్కా వేస్తూ, ప్రతి చుక్కకూ నాళికను ఊపుతూ ఉండండి. మడ్డి పలచబడుతుంది, పొగమంచులా అవుతుంది, చివరికి ఆ మంచు కూడా విడిపోయే క్షణం వస్తుంది. అక్కడ ఆపాలి. ఇంకో రెండు చుక్కలు వేస్తే ఏమవుతుందిలే అనుకోవద్దు. అమ్మోనియా ఎక్కువైతే వెండి అయాన్‌ను అది గట్టిగా పట్టేసుకుని కారకం మందగిస్తుంది. నేను పిల్లలకు చెప్పేది, ఇంకా లేశమాత్రం మసక మిగిలి ఉండగానే చేయి ఆపేయమని.

ఇందులో నమూనా 2, 3 చుక్కలు వేసి ఒక్కసారి కలిపి, 60 డిగ్రీల వేడినీళ్ల బీకర్‌లో నిలబెట్టండి. ఇక ముట్టుకోవద్దు. నేరుగా మంట మీద పెట్టొద్దు. మొదట ద్రావణం టీ రంగుకు తిరుగుతుంది, తర్వాత ముదిరి నల్లబడినట్టు కనిపిస్తుంది. అప్పుడే చాలామంది పాడైపోయిందని బయటికి తీసేస్తారు. ఇంకాస్త ఆగితే అడుగు నుంచి గోడ మీదికి మెల్లగా మెరుపు పాకుతుంది, మీ కన్ను మీకే కనబడుతుంది. లోపల జరిగిందేమిటంటే, ఒక్కో ఆల్డిహైడ్ అణువు రెండు వెండి అయాన్‌లకు ఎలక్ట్రాన్‌లిచ్చి తాను ఆమ్లపు లవణంగా మారింది.

బెంజాల్డిహైడ్ నీళ్లలో సరిగా కరగదు, నూనె చుక్కలా తేలుతూ ఉంటుంది. నమూనాను ముందుగా రెండు మూడు చుక్కల ఇథనాల్‌లో కలిపి వేస్తే పని జరుగుతుంది. లేకపోతే అది పైన, కారకం కింద ఉండిపోయి, “రాలేదు” అనే తప్పు మాట నోట్‌బుక్‌లో పడుతుంది.

ఒక హెచ్చరిక, దీన్ని దయచేసి పెద్ద అక్షరాలతో రాసుకోండి. టోలెన్స్ కారకాన్ని ఎప్పటికప్పుడు చేసుకోవాలి, మిగిలితే దాచకూడదు. నిలవ ఉంటే సిల్వర్ నైట్రైడ్ లాంటి పేలుడు పదార్థాలు అందులో ఏర్పడతాయి. ఎండిపోయిన మడ్డిని గీకినా పేలొచ్చు. రేపటి బ్యాచ్‌కు పనికొస్తుందని సీసాలో పోసి అలమరలో పెట్టడం పొదుపు కాదు.

ఈ కారకం అడిగేది “తేలిగ్గా ఆక్సీకరణం చెందేది ఏదైనా ఉందా?” అని. ఆల్డిహైడ్ దానికి ముఖ్యమైన జవాబు, ఏకైక జవాబు కాదు. ఆల్ఫా-హైడ్రాక్సీ కీటోన్‌లు, అంటే కార్బొనైల్ పక్క కార్బన్‌కే హైడ్రాక్సిల్ ఉన్నవి కూడా వెండిని దింపుతాయి. ఫార్మిక్ ఆమ్లం గురించి ముందే చెప్పాను.

ఆరో మెట్టు: ఫెహ్లింగ్, “ఏ రకం ఆల్డిహైడ్?”

ఫెహ్లింగ్ ఎ అంటే కాపర్ సల్ఫేట్ ద్రావణం, బి అంటే సోడియం హైడ్రాక్సైడ్‌లో రోషెల్ లవణం. విడివిడిగానే నిలవ ఉంచి, పరీక్ష చేసే నిమిషంలో కలపాలి. 1 మి.లీ., 1 మి.లీ. కలిపితే ముదురు నీలం వస్తుంది. రోషెల్ లవణంలో టార్ట్రేట్ రాగిని పట్టుకుని ఉండకపోతే, క్షారంలో రాగి నీలపు హైడ్రాక్సైడ్‌గా దిగిపోయేది. నమూనా కొన్ని చుక్కలు వేసి, మరిగే నీళ్ల బీకర్‌లో 5 నిమిషాలు ఉంచండి. అలిఫాటిక్ ఆల్డిహైడ్ అయితే నీలం పోయి ఇటుక ఎరుపు క్యూప్రస్ ఆక్సైడ్ దిగుతుంది.

బెంజాల్డిహైడ్ ఇక్కడ పలకదు. టోలెన్స్‌కు లొంగి ఫెహ్లింగ్‌కు లొంగకపోవడమే ఏరోమాటిక్, అంటే బెంజీన్ వలయానికి అతుక్కున్న ఆల్డిహైడ్ చిరునామా. అందుకే ఈ రెండు పరీక్షలూ ఒకే బల్ల మీద, ఒకే రోజు చేయాలి. ఫార్మాల్డిహైడ్ బాగా చురుకైనది కాబట్టి ఒక్కోసారి ఎరుపు మడ్డికి బదులు గాజు మీద రాగి పూతే మెరుస్తుంది.

బెనెడిక్ట్ కారకం దీని తమ్ముడే. టార్ట్రేట్‌కు బదులు సిట్రేట్, తీవ్రమైన క్షారానికి బదులు సోడియం కార్బొనేట్. ఒకే సీసాలో నిలవ ఉంటుంది. మూత్రంలో చక్కెర చూడటానికి ఒకప్పుడు ఆసుపత్రుల్లో వాడింది ఇదే.

మిగిలిన చిన్న పరీక్షలు

అయోడోఫామ్ పరీక్ష ఒకటి తప్పక చేయండి. నమూనాకు అయోడిన్, సోడియం హైడ్రాక్సైడ్ చేర్చి వెచ్చబెడితే ఆసుపత్రి వాసనతో లేత పసుపు స్ఫటికాలు వస్తాయా? ఆల్డిహైడ్‌లన్నిటిలో అసిటాల్డిహైడ్ ఒక్కటే దీనికి పలుకుతుంది. ఎసిటోన్, ఇథనాల్ కూడా పలుకుతాయి కాబట్టి పై మెట్లలో వచ్చిన జవాబులతో కలిపే చదవాలి. ఇందుకోసం నమూనాను ఇథనాల్‌లో కరిగించొద్దు, ఆ ఇథనాలే అయోడోఫామ్ ఇచ్చేస్తుంది.

సంతృప్త సోడియం బైసల్ఫైట్ ద్రావణంతో బాగా ఊపితే బెంజాల్డిహైడ్ తెల్లటి స్ఫటికాలుగా గడ్డకడుతుంది. ఎసిటోన్ లాంటి చిన్న కీటోన్‌లూ ఇస్తాయి. ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఊదా రంగు వస్తే ఆల్డిహైడ్‌తో పాటు ఫినాల్ సమూహం కూడా ఉన్నట్టు, సాలిసిలాల్డిహైడ్‌ను అలా పట్టుకోవచ్చు.

ఇప్పుడు దాచిన డీఎన్‌పీ స్ఫటికాల ద్రవీభవన స్థానం చూడండి. ఎసిటోన్‌దైతే 126 డిగ్రీల దగ్గర కరుగుతుంది, బెంజాల్డిహైడ్‌దైతే 237 దగ్గర. 100 డిగ్రీలకు పైగా తేడా ఉంది, ఇక వాదనే లేదు.

గ్లూకోజ్ దగ్గర ఆగండి

ఇది నాకు చాలా ఇష్టమైన పాఠం. గ్లూకోజ్‌లో ఆల్డిహైడ్ సమూహం ఉందని పుస్తకంలో చదువుతాం. టోలెన్స్‌తో అద్దం ఇస్తుంది, ఫెహ్లింగ్‌తో ఎరుపు ఇస్తుంది. అదే గ్లూకోజ్‌ను షిఫ్ కారకంలో వేస్తే రంగు రాదు, బైసల్ఫైట్‌తో స్ఫటికాలు రావు, డీఎన్‌పీ కూడా మామూలుగా పలకదు.

కారణం ఏమిటంటే, నీళ్లలో గ్లూకోజ్ అణువులు దాదాపు అన్నీ వలయంగా ముడుచుకుని ఉంటాయి. ఆల్డిహైడ్ సమూహం అదే అణువులో ఉన్న హైడ్రాక్సిల్‌తో కలిసిపోయి దాక్కుంటుంది. ఏ క్షణంలోనైనా విప్పుకుని ఉండేవి అత్యల్పం. షిఫ్‌కు ఆ కొద్ది మొత్తం చాలదు. టోలెన్స్, ఫెహ్లింగ్ మాత్రం విప్పుకున్న అణువును విప్పుకున్నట్టే ఆక్సీకరణం చేసి ఖర్చుపెట్టేస్తాయి, ఆ లోటు పూడ్చడానికి ఇంకొకటి విప్పుకుంటుంది, అలా మొత్తం కరిగిపోతుంది. ఫ్రక్టోజ్ నిజానికి కీటోన్ రకం చక్కెర. అయినా క్షారంలో దాని నిర్మాణం గ్లూకోజ్‌లోకి మారగలదు కాబట్టి అదీ ఫెహ్లింగ్‌కు పలుకుతుంది. క్షార ద్రావణంలో చేసే పరీక్ష నమూనాను ఉన్నది ఉన్నట్టు ఉంచుతుందని అనుకోకూడదు.

దీన్ని ల్యాబ్‌లో ఇలా చూపిస్తాను. ఒక నాళికలో పంచదార నీళ్లు, ఇంకోదాంట్లో బెల్లం నీళ్లు వడకట్టి పలచగా. రెండిటికీ ఫెహ్లింగ్ పోసి వేడినీళ్లలో పెడితే, పంచదార నీలంగానే ఉండిపోతుంది, బెల్లం ఎరుపు దింపుతుంది. పంచదార అంటే సుక్రోజ్, అందులో రెండు చక్కెరల క్షయకరణ చివరలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, విప్పుకునే దారి లేదు. బెల్లం వండేటప్పుడు చెరకు రసంలోని సుక్రోజ్ కొంత విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. ఇప్పుడు అదే పంచదార నీళ్లలో రెండు చుక్కల సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి 5 నిమిషాలు మరిగించి, చల్లారాక సోడాతో తటస్థీకరించి, మళ్లీ ఫెహ్లింగ్ చేయండి. ఈసారి ఎరుపు దిగుతుంది. చిన్నప్పటి నుంచి బెల్లం తిన్న పిల్లలు ఆ రెండు నాళికలనూ ఎంతసేపు చూస్తారో చెప్పలేను.

చేపల మీద ఫార్మలిన్ అనుమానం వస్తే

మన తీరంలో ఇది ఊరికే తోచే ప్రశ్న కాదు. 2018లో అస్సాం ప్రభుత్వం ఫార్మలిన్ ఉందన్న కారణంతో ఆంధ్ర నుంచి వచ్చే చేపలను కొన్ని రోజులు నిషేధించింది. అప్పటి నుంచి పిల్లలు అడుగుతూనే ఉన్నారు, చేపను కడిగిన నీళ్లలో షిఫ్ కారకం వేస్తే తెలిసిపోతుంది కదా అని. అంత తేలిక కాదు. చనిపోయిన సముద్రపు చేపలో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ విరిగి కొంత ఫార్మాల్డిహైడ్ సహజంగానే పుడుతుంది. అంటే “ఉందా, లేదా” అనే పరీక్ష ఇక్కడ చాలదు, “ఎంత ఉంది” అని కొలవాలి. కష్టపడి వేటాడి తెచ్చిన మనిషి సరుకు మీద రంగు చూసి నింద వేసే హక్కు మనకు లేదు. కొచ్చిలో ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేప మీద రుద్ది చూసే కాగితపు పట్టీలను తయారు చేసింది. అది తొలి చూపుకు పనికొస్తుంది, తీర్పు మాత్రం ప్రయోగశాల కొలతదే.

పాలలో ఫార్మలిన్ సంగతి వేరు, పాలలో అది ఉండాల్సిన పనే లేదు. నాళికలో 10 మి.లీ. పాలు తీసుకుని, ఫెర్రిక్ క్లోరైడ్ లేశం కలిపిన గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 5 మి.లీ. గోడ వెంట మెల్లగా జారవిడిస్తే, రెండూ కలిసేచోట ఊదా లేదా నీలం వలయం కనబడితే ఫార్మలిన్ ఉన్నట్టు. నాళికను ఊపకూడదు. గాఢ ఆమ్లం కాబట్టి ఇది ల్యాబ్‌లో, పెద్దవాళ్లు పక్కన ఉండగానే చేయాలి, వంటింట్లో వద్దు.

నోట్‌బుక్‌లో రాసేది

చూసింది ఒక పక్క, దాని అర్థం ఇంకో పక్క రాయండి. “వెండి అద్దం వచ్చింది” అనొద్దు, మసి వస్తే “8 నిమిషాలకు నల్లటి అవక్షేపం, బ్లాంక్ తేటగానే ఉంది” అని రాయండి. ఎదురుగా “క్షయకరణ స్వభావం ఉంది” అని రాయండి. డీఎన్‌పీ నారింజ, షిఫ్ గులాబీ, టోలెన్స్ నలుపు, ఫెహ్లింగ్ నీలంగానే ఉంది, బైకార్బొనేట్ నురగ లేదు అని ఐదు వరుసలు ఉన్న పేజీ చూస్తే, సీసా మీద పేరు లేకపోయినా బెంజాల్డిహైడ్ లాంటి ఏరోమాటిక్ ఆల్డిహైడ్ అని ఎవరైనా చదువుతారు. మసిని అద్దంగా మార్చి రాసే అలవాటు ఇక్కడ పడితే, రేపు ఒక మందు బ్యాచ్ నాణ్యత పత్రం మీద సంతకం పెట్టేటప్పుడు కూడా ఆ చేయి అలాగే పోతుంది. అందుకే నేను మసి అని నిజం రాసినవాళ్లకు పూర్తి మార్కులు వేస్తాను.

బల్ల దిగే ముందు

ఫెహ్లింగ్, షిఫ్, డీఎన్‌పీ మిగిలినవి వేటి డబ్బాలో వాటిని పోయండి. రాగి కలిసిన నీళ్లు సింకులోంచి కాలువకు, కాలువ నుంచి నాగావళికి చేరేవే. డీఎన్‌పీ పొడిని ఎండనివ్వొద్దు, ఎండితే పేలే గుణం ఉంది, తడిగానే ఉంచాలి.

టోలెన్స్ నాళికలను మాత్రం అప్పటికప్పుడే చూడాలి. కిటికీ దగ్గర నిలబడి, సజల నైట్రిక్ ఆమ్లం కొద్దిగా పోసి మెల్లగా తిప్పండి. అద్దం అంచుల నుంచి కరుగుతూ, చివరికి గాజు తేటపడుతుంది. ఆ ద్రావణాన్నంతా ఒక బీకర్‌లోకి చేర్చి చిటికెడు ఉప్పు వేయండి. తెల్లగా సిల్వర్ క్లోరైడ్ దిగుతుంది. వడకట్టి, ముదురు రంగు సీసాలో వేసి, మీద “వెండి” అని, తేదీ రాసి అటెండర్‌కు ఇవ్వండి.